సీసీఎన్ఏ చదువుకు ఇంట్లో ల్యాబ్: రౌటర్ కొనాలా, ర్యామ్ కొనాలా?

సీసీఎన్ఏ అంటే నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో సంస్థ ఇచ్చే తొలి మెట్టు నెట్‌వర్కింగ్ ధ్రువపత్రం. ఆ పరీక్ష ఒక్కసారి రాయడానికి సిస్కో వసూలు చేసే రుసుము 300 డాలర్లు. పన్ను కూడా కలుపుకుంటే అది మన రూపాయల్లో ముప్పై వేల దరిదాపులకు చేరుతుంది, తప్పితే మళ్లీ అంతా కట్టవలసిందే. ఇంత ఖరీదైన పరీక్షకు సిద్ధమయ్యేవారు సాధన కోసం ఇంట్లో ఒక ల్యాబ్ ఉండాలని కోరుకోవడం సహజమే గాని, ఆ ల్యాబ్ ఖర్చు పరీక్ష రుసుమును మించిపోవడం ఏ లెక్కన చూసినా సమంజసం కాదు. ‘సీసీఎన్ఏ ల్యాబ్ కిట్’ అన్న పేరుతో మూడు రౌటర్లు, మూడు స్విచ్‌లు, ఒక చిన్న ర్యాక్, కట్టకట్టిన నీలిరంగు కేబుళ్లు కలిపి అమ్మకానికి పెట్టిన ఫొటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే ఆ కిట్‌లో సగం సామాను ఇప్పటి సిలబస్‌కు అక్కరలేదు, మిగిలిన సగంలో ఎక్కువ భాగాన్ని డబ్బు పెట్టకుండానే కంప్యూటర్‌లో నడిపించుకోవచ్చు. రౌటర్ కొనవద్దని, ముందు ర్యామ్ కొనమని, ఆ తరువాత అవసరం ఉన్నవారు మాత్రమే స్విచ్ కొనమని నేను చెబుతాను. ఎందుకు అలా అంటున్నానో చెప్పాలంటే ముందు సిలబస్‌ను ఒకసారి చూడాలి.

నేను చర్చిస్తున్న 200-301 పరీక్ష 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. 2024 ఆగస్టు 20 నుంచి 1.1 అనే సవరించిన సిలబస్ అమలులోకి వచ్చింది. ఇందులో నెట్‌వర్క్ మౌలికాంశాలకు 20 శాతం, స్విచింగ్, వైర్‌లెస్ కలిసిన నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20 శాతం, రౌటింగ్‌కు 25 శాతం, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ, చిరునామాలు మార్చే నాట్ వంటి ఐపీ సర్వీసులకు 10 శాతం, భద్రతకు 15 శాతం, ఆటోమేషన్‌కు 10 శాతం ప్రాధాన్యం ఉంది. దీనికి ముందున్న 200-125 పరీక్షలో సీరియల్ లింకులు, వాటి మీద నడిచే పీపీపీ, రౌటర్లు దారులు తెలుసుకునే ప్రొటోకాల్‌లు ఈఐజీఆర్‌పీ, ఓఎస్‌పీఎఫ్ మూడో వెర్షన్ ఉండేవి. ఇప్పుడు అవన్నీ పోయి, రౌటింగ్ ప్రొటోకాల్ అంటే ఒకే ఏరియాలో నడిచే ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్ మాత్రమే మిగిలింది. పాత కిట్‌లలో గొప్పగా చూపించే డబ్ల్యూఐసీ-1టీ, డబ్ల్యూఐసీ-2టీ సీరియల్ కార్డులు, వాటిని కలిపే లావుపాటి కేబుళ్లు, అంతకుముందే సిలబస్ నుంచి తొలగిన ఫ్రేమ్ రిలే అనే పాత లింకు పద్ధతి సాధన కోసం అదనంగా పెట్టిన మూడో రౌటర్ ఇలాంటి పాత సిలబస్‌ల కోసం కూర్చినవి. అమ్మేవారు ధర తగ్గించారు గాని సామాను జాబితా మార్చలేదు.

ప్యాకెట్ ట్రేసర్: ఉచితమని చిన్నచూపు చూడవద్దు

సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిచిన ఎవరికైనా ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా అది చిన్న చిన్న ల్యాబ్‌లను మోయగలదు. అందులో 2960 స్విచ్, 3560, 3650 లేయర్-3 స్విచ్‌లు, 2911, 4331 రౌటర్లు, వైర్‌లెస్ కంట్రోలర్, యాక్సెస్ పాయింట్లు, సర్వర్లు, ఐపీ ఫోన్లు అన్నీ ఉన్నాయి. వైర్‌లెస్ కంట్రోలర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సిలబస్‌లో కంట్రోలర్ వెబ్ పేజీలో వైర్‌లెస్ ల్యాన్, భద్రత సెట్టింగులు పెట్టడం స్పష్టంగా ఉంది, దాన్ని నిజమైన పరికరాలతో సాధన చేయాలంటే కంట్రోలర్, దానికి సరిపడే యాక్సెస్ పాయింట్, పవర్ ఇంజెక్టర్ విడివిడిగా వెతుక్కోవాలి. ప్యాకెట్ ట్రేసర్‌లో ఆ పని పది నిమిషాల్లో అయిపోతుంది.

దీని మరో బలం సిమ్యులేషన్ మోడ్. ఒక పింగ్ పంపి, ముందుగా ఈ ఐపీ చిరునామా ఎవరిదని అడిగే ఏఆర్‌పీ ప్రశ్న స్విచ్‌లోని అన్ని పోర్టులకు ఎలా వెళ్లింది, జవాబు ఒక్క పోర్టు గుండానే ఎలా తిరిగి వచ్చింది, రౌటర్ దాటినప్పుడు మ్యాక్ చిరునామాలు మారి ఐపీ చిరునామాలు ఎలా నిలిచి ఉన్నాయి అన్నది అడుగడుగునా ఆపి చూడవచ్చు. నెట్‌వర్కింగ్ కొత్తగా నేర్చుకునేవారికి ఈ దృశ్యం ఒకసారి మనసుకు ఎక్కితే, తరువాత పుస్తకంలో చదివే వంద పేజీలు తేలికవుతాయని నా అనుభవం. ఏ వేల రూపాయల పరికరమూ తన లోపల ప్యాకెట్ ఎలా కదిలిందో ఇంత విడమరిచి చూపదు.

అయితే ప్యాకెట్ ట్రేసర్ సిమ్యులేటర్ అన్న సంగతి మరిచిపోకూడదు. నాటకంలో రాజు వేషం కట్టిన నటుడు రాసి ఇచ్చిన సంభాషణ వరకు రాజే, దాటి ఒక్క ప్రశ్న అడిగితే తెల్లముఖం వేస్తాడు. ప్యాకెట్ ట్రేసర్ కూడా అంతే. అందులో నడిచేది సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఐఓఎస్ కాదు, ఐఓఎస్‌లా జవాబిచ్చే మరో ప్రోగ్రామ్. ప్రశ్నార్థకం నొక్కితే వచ్చే కమాండ్ల జాబితా నిజమైన పరికరంలో కంటే పొట్టిగా ఉంటుంది, షో, డీబగ్ కమాండ్లలో చాలావాటికి చోటే ఉండదు. కాన్ఫిగరేషన్ సరిగ్గా ఉన్నా ఫలితం రాకపోతే తప్పు మనదా ప్రోగ్రామ్‌దా అన్న అనుమానంతో ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది. ఫైల్‌ను భద్రపరిచి, మూసి, మళ్లీ తెరిస్తే సమస్య దానంతటదే మాయమైన సందర్భాలు చాలామందికి తెలుసు. పైగా అందులోని ట్రాఫిక్‌ను వైర్‌షార్క్‌తో పట్టి చూడలేము, ఆ నెట్‌వర్క్‌ను బయటి అసలు ఇంటర్నెట్‌కు కలపలేము. ఇన్ని లోపాలున్నా సీసీఎన్ఏ సిలబస్‌లో కాన్ఫిగర్ చేయమన్న అంశాలలో అత్యధిక భాగం ఇందులో సాధ్యమే. కాబట్టి ఏ ఎంపిక చేసుకున్నా మొదటి రెండు నెలలు ఇందులోనే గడపడం మంచిది. ఆ రెండు నెలల్లో చదువు మీద ఆసక్తి నిలుస్తుందో లేదో కూడా తేలిపోతుంది, పోయేది సమయమే తప్ప డబ్బు కాదు.

అసలు ఐఓఎస్‌ను కంప్యూటర్‌లో నడపడం

తరువాతి మెట్టు ఎమ్యులేటర్లు. జీఎన్ఎస్3, ఈవ్-ఎన్‌జీ, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అనే మూడింటి మధ్య ఎంచుకోవడంలో చాలామంది తికమకపడతారు. మూడింటిలోనూ అసలైన సిస్కో సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, మూడింటిలోనూ ఏ లింకు మీదైనా వైర్‌షార్క్ పెట్టి ఓఎస్‌పీఎఫ్ హలో ప్యాకెట్‌లో ఏముందో చదువుకోవచ్చు. తేడా ఎక్కువగా ఆ సాఫ్ట్‌వేర్ ఇమేజ్, అంటే దాని ఫైల్, ఎక్కడి నుంచి వస్తుంది అన్న దగ్గరే ఉంది.

జీఎన్ఎస్3, ఈవ్-ఎన్‌జీ కమ్యూనిటీ ఎడిషన్ రెండూ ఉచితమే. కానీ అవి ఖాళీ పొయ్యిల వంటివి, బియ్యం మనమే తెచ్చుకోవాలి. సిస్కో ఇమేజ్‌లను వాటితో పాటు ఇవ్వరు. శిక్షణ సంస్థల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ చేతులు మారే ఇమేజ్‌లు లైసెన్సు లేనివి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో, మధ్యలో ఎవరు ఏం కలిపారో తెలిసే దారి లేదు. భద్రతకు 15 శాతం ప్రాధాన్యమున్న పరీక్షకు చదువుతూ, ఊరూ పేరూ తెలియని ఫైల్‌ను సొంత కంప్యూటర్‌లో నడపడం కొంత విడ్డూరంగా ఉంటుంది. జీఎన్ఎస్3కి వెన్నెముకగా మొదలైన డైనమిప్స్ ఇంజిన్ 3725, 7200 వంటి పాత రౌటర్ల హార్డ్‌వేర్‌ను అనుకరించి వాటి ఐఓఎస్‌ను నడుపుతుంది. ఐడిల్-పీసీ అనే విలువను సరిగ్గా పెట్టకపోతే ఒక్క రౌటరే ప్రాసెసర్ కోర్‌ను పూర్తిగా తినేసి, ఫ్యాన్ మోతతో ఇల్లంతా లేపుతుంది. అదీగాక డైనమిప్స్ సిస్కో స్విచ్‌ల లోపలి ప్రత్యేక చిప్‌లను అనుకరించలేదు. పాత రోజుల్లో రౌటర్లను కంప్యూటర్‌లో నడిపి స్విచ్‌లను మాత్రం కొనుక్కునే అలవాటు అందువల్లే పుట్టింది. ఆ అలవాటులోని తర్కం ఇప్పటికీ కొంతవరకు చెల్లుతుందని తరువాత చెబుతాను.

సిస్కో మోడలింగ్ ల్యాబ్స్‌లో ఇమేజ్‌లు చట్టబద్ధంగా దానితో పాటే వస్తాయి. వ్యక్తిగత లైసెన్సు ఏడాదికి 199 డాలర్లు, ఒకేసారి 20 పరికరాలు నడపవచ్చు. అయితే సీసీఎన్ఏ విద్యార్థి ఆ డబ్బు కట్టవలసిన అవసరం ఇప్పుడు లేదు, ఎందుకంటే ఒకేసారి 5 పరికరాలకు పరిమితమైన ఉచిత ఎడిషన్‌ను కూడా సిస్కో ఇస్తోంది. అయిదేమిటి, ఏం సరిపోతాయి అనిపించవచ్చు. మూడు రౌటర్లను త్రికోణంగా కలిపి ఓఎస్‌పీఎఫ్ నడిపి, ఒక లింకు తెంచి దారి ఎలా మారిందో చూడడానికి మూడు చాలు. రెండు స్విచ్‌ల మధ్య రెండు లింకులు వేసి లూపు రాకుండా స్పానింగ్ ట్రీ ఒకదాన్ని ఎలా మూసిందో చూసి, తరువాత ఆ రెండింటినీ ఒకే లింకుగా, అంటే ఈథర్‌ఛానెల్‌గా కట్టడానికి రెండు చాలు. నాట్, ట్రాఫిక్‌ను వడకట్టే ఏసీఎల్, డీహెచ్‌సీపీ రిలేలకు రెండు రౌటర్లు, ఒక స్విచ్ చాలు. మామూలు స్విచ్ పెట్టె, బయటి నెట్‌వర్క్‌కు కలిపే కనెక్టర్ ఆ అయిదింటి లెక్కలోకి రావు. సీసీఎన్ఏలోని ఒక్కొక్క అంశాన్ని విడిగా సాధన చేసేవారికి అయిదు పరికరాల హద్దు అడ్డురావడం అరుదు. అన్నీ కలిపిన పెద్ద టోపాలజీ కావాలనుకున్నప్పుడు ప్యాకెట్ ట్రేసర్‌కు తిరిగి వెళ్లవచ్చు.

కాబట్టి ఈ మూడింటిలో కొత్తవారికి నా ఓటు సిస్కో ఉచిత ఎడిషన్‌కే. తమ కార్యాలయం ద్వారా లైసెన్సు ఉన్న ఇమేజ్‌లు పొందగలిగినవారు, ఒకే ల్యాబ్‌లో నాలుగైదు కంపెనీల పరికరాలను కలపాలనుకునేవారు ఈవ్-ఎన్‌జీ తీసుకోవడం మేలు. బ్రౌజర్‌లోనే నడవడం వల్ల ఇంట్లో ఒక మూల పెట్టిన డెస్క్‌టాప్‌లో దాన్ని ఉంచి, ల్యాప్‌టాప్ నుంచి వాడుకోవచ్చు. జీఎన్ఎస్3 చెడ్డదని కాదు. దాన్ని చక్కగా అమర్చుకోవడానికి పట్టే శ్రమ చదువు మొదలుపెట్టినవారికి భారమని మాత్రమే నా అభిప్రాయం. ఇమేజ్ సమస్య బొత్తిగా వద్దనుకునేవారికి మరో దారి ఉంది. లినక్స్‌లో నడిచే ఎఫ్ఆర్ఆర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు సిస్కోను పోలిన కమాండ్ వరుస ఉంది, చాలా తక్కువ మెమరీలో పది రౌటర్లను నడపవచ్చు. జూనిపర్ సంస్థ తన వీజూనోస్ ఇమేజ్‌లను ఉచితంగానే ఇస్తోంది, ఆ సంస్థ తొలి మెట్టు పరీక్ష జేఎన్‌సీఐఏ రాసేవారికి అది వరం.

ర్యామ్ లెక్క

ఇక్కడే అసలు ఖర్చు మొదలవుతుంది. సిస్కో వర్చువల్ రౌటర్ ఐఓఎస్‌వీ ఒక్కదానికి సుమారు అర జీబీ ర్యామ్, దాని స్విచ్ రూపానికి అంతకంటే కొంచెం ఎక్కువ పడుతుంది. ఐఓఎస్-ఎక్స్ఈ నడిపే పెద్ద వర్చువల్ రౌటర్ క్యాటలిస్ట్ 8000వీ ఒక్కటే 4 జీబీ అడుగుతుంది. మోడలింగ్ ల్యాబ్స్ వర్చువల్ మెషీన్‌కు కనీసం 8 జీబీ కేటాయించమని సిస్కో చెబుతుంది. మొత్తం 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు, బ్రౌజర్‌కు పోగా మిగిలేది దానికి చాలదు. అదే 16 జీబీ అయితే అయిదు పరికరాల ల్యాబ్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఖాళీ మెమరీ స్లాట్ ఉంటే ఇంకో 8 జీబీ స్టిక్ వేయించుకోవడం ఈ మొత్తం ప్రయాణంలో రూపాయికి అత్యధిక ఫలితం ఇచ్చే ఖర్చు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు కాబట్టి మోడల్ నంబరు చూసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.

మెమరీ పెంచలేని ల్యాప్‌టాప్ ఉన్నవారు, లేదా ల్యాబ్‌ను ఎప్పుడూ నడుస్తూ ఉంచాలనుకునేవారు, ఆఫీసుల నుంచి తీసివేసిన డెస్క్‌టాప్‌ల వైపు చూడాలి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ శ్రేణుల్లో నాలుగు కోర్ల ఐ5 ప్రాసెసర్ ఉన్న పెట్టెలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ వంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కొనేముందు అక్కడే బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ సెట్టింగ్ ఉందో లేదో, దాన్ని ఆన్ చేయగలమో లేదో చూడాలి. అది లేకపోతే మిగతా ఏ గొప్పా పనికిరాదు. డీడీఆర్3 మెమరీ పెట్టె చౌకగా వస్తుంది గాని, తరువాత ఆ మెమరీని మరో కంప్యూటర్‌లోకి మార్చుకునే అవకాశం తక్కువ, కాబట్టి కొద్ది తేడాతో డీడీఆర్4 పెట్టె దొరికితే అదే తీసుకోవడం మంచిది. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ తప్పనిసరి. ఆపిల్ సొంత చిప్‌తో వచ్చే మ్యాక్‌బుక్ ఉన్నవారు ఒక విషయం గమనించాలి: ప్యాకెట్ ట్రేసర్ దానిలో నడుస్తుంది గాని మోడలింగ్ ల్యాబ్స్, ఈవ్-ఎన్‌జీ ఇంటెల్ లేదా ఏఎండీ తరహా ప్రాసెసర్ల కోసం తయారైనవి. లక్ష రూపాయల మ్యాక్ పక్కన పాత ఆప్టిప్లెక్స్ పెట్టుకోవలసి రావడం కొంత చిన్నతనంగా తోచవచ్చు, కానీ ఆ పని దానికే చేతనవుతుంది.

నిజమైన పరికరాలు: కొంటే స్విచ్ కొనండి

ఇప్పుడు ర్యాక్, ఇనుప పెట్టెల సంగతి. రౌటర్ చేసే పనిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేరే కాబట్టి వర్చువల్ రౌటర్‌లో నేర్చిన ఓఎస్‌పీఎఫ్‌కు, పెట్టెలో నేర్చిన ఓఎస్‌పీఎఫ్‌కు విద్యార్థి స్థాయిలో తేడా కనిపించదు. 1841 వంటి పాత రౌటర్‌లో ఉండేది రెండే ఫాస్ట్ ఈథర్నెట్ పోర్టులు, దాని ఐఓఎస్ 15.1 దగ్గరే ఆగిపోయింది. స్విచ్ సంగతి అలా కాదు. కేబుల్, పోర్టు, దీపం, ఒకేసారి రెండు వైపులా పంపగలదా అని తేల్చే డ్యూప్లెక్స్, నెట్‌వర్క్ కేబుల్ గుండానే కరెంటు ఇచ్చే పీఓఈ, వీటిలో ఏదీ వర్చువల్ లోకంలో నిజంగా ఉండదు. ఉదాహరణకు ఒక వైపు పోర్టును ఫుల్ డ్యూప్లెక్స్‌కు బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే లింకు పైకి వస్తుంది, పింగ్ కూడా పోతుంది, పెద్ద ఫైల్ కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. షో ఇంటర్‌ఫేస్‌లో లేట్ కొలిజన్ల అంకె పెరుగుతూ, కన్సోల్ మీద పక్క పరికరాన్ని గుర్తించే సీడీపీ డ్యూప్లెక్స్ మిస్‌మ్యాచ్ అని పదే పదే మొత్తుకుంటుంది. సిలబస్‌లో ఇంటర్‌ఫేస్, కేబుల్ సమస్యలను గుర్తించడం అనే అంశం ఇదే. పుస్తకంలో దీనికి ఒక పేరా మాత్రమే ఉంటుంది, చేతితో చేసినవాడు జన్మలో మరిచిపోడు.

ఉద్యోగం వేటలో కూడా ఈ తేడా బయటపడుతుంది. డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజనీర్ వంటి తొలి ఉద్యోగాలకు వెళ్లేవారిని ఇంటర్వ్యూలో కన్సోల్ కేబుల్ ఎలా కలుపుతావు, పాస్‌వర్డ్ మరిచిపోతే ఏం చేస్తావు, పోర్టు దీపం నారింజ రంగులో ఉంటే అర్థమేమిటి అని అడగడం మామూలే. 2960 స్విచ్‌లో పవర్ ఇచ్చేటప్పుడు ముందు వైపు మోడ్ బటన్ నొక్కి పట్టుకుని, ఫ్లాష్‌ను లేపి, కాన్ఫిగరేషన్ ఫైల్ పేరు మార్చి బూట్ చేయడం ఒకసారి చేసినవాడి జవాబు, చదివినవాడి జవాబు మొదటి వాక్యంలోనే వేరుగా వినిపిస్తాయి. అందుచేత క్షేత్రస్థాయి పనికి వెళ్లాలనుకునేవారికి ఒకటో రెండో స్విచ్‌లు వృథా ఖర్చు కావు. ఇప్పటికే కార్యాలయంలో స్విచ్‌లు ముట్టుకునే అవకాశం ఉన్నవారికి, ఆటోమేషన్ లేదా క్లౌడ్ వైపు వెళ్లదలచినవారికి అవి అలంకారమే.

కొనేటప్పుడు మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చదవాలి. డబ్ల్యూఎస్-సీ2960-24టీటీ-ఎల్‌లో చివరి ‘ఎల్’ ల్యాన్ బేస్‌కు గుర్తు. డబ్ల్యూఎస్-సీ2960-24-ఎస్‌లో చివరి ‘ఎస్’ ల్యాన్ లైట్‌కు గుర్తు, దానిలో ఫీచర్లు తక్కువ. కొద్ది తేడా కోసం ల్యాన్ లైట్ తీసుకుంటే తరువాత ఒక్కొక్క కమాండ్ లేదని తెలుస్తుంది. ఐఓఎస్ ఇమేజ్ పేరులో ఎన్‌క్రిప్షన్‌కు గుర్తయిన ‘కే9’ ఉందో లేదో షో వెర్షన్‌తో చూడడం మరింత ముఖ్యం. నేను కొన్న మొదటి స్విచ్‌లో అది లేదు. దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కోసం ఆర్ఎస్ఏ కీ తయారు చేయబోతే అలాంటి కమాండే లేదని జవాబు వచ్చింది, అరగంట సేపు నా టైపింగ్‌లో తప్పు వెతుక్కున్నాను. సపోర్టు ఒప్పందం లేనివారికి సరైన ఇమేజ్‌ను సిస్కో నుంచి చట్టబద్ధంగా తెచ్చుకోవడం కష్టం కాబట్టి ఆ పరీక్ష దుకాణంలోనే చేయాలి. పవర్ ఇచ్చాక సిస్టమ్ దీపం ఆకుపచ్చకు తిరగాలి, నారింజ రంగులో ఆగిపోతే స్వీయపరీక్షలో ఏదో తప్పిందని అర్థం. ఒక చిన్న కేబుల్ వెంట తీసుకెళ్లి ఒక్కొక్క పోర్టును ముట్టించి చూస్తామంటే దుకాణదారు విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి.

రెండు స్విచ్‌లు కొనగలిగితే ఒకటి 2960, రెండోది 3560 తీసుకోవడం నాకు నచ్చిన జత. 3560లో లేయర్-3 రౌటింగ్ ఉంటుంది కాబట్టి రౌటర్ లేకుండానే వీల్యాన్‌ల (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌ల) మధ్య రౌటింగ్ నేర్చుకోవచ్చు, పీఓఈ మోడల్ దొరికితే పాత ఐపీ ఫోన్‌నో కెమెరానో వెలిగించి చూడవచ్చు. రెండింటి మధ్య రెండు కేబుళ్లు వేస్తే ట్రంకింగ్, స్పానింగ్ ట్రీ, ఈథర్‌ఛానెల్ మూడూ అయిపోతాయి. మూడో స్విచ్ కొనాలన్న కోరిక కలిగితే ఒక వారం ఆగండి. పాత 2960లో ఐపీవీ6 కమాండ్లు కనిపించలేదని కంగారు పడనక్కరలేదు. ఎస్‌డీఎమ్ ప్రిఫర్ కమాండ్‌తో రెండు ఐపీ వెర్షన్లకూ వర్తించే టెంప్లేట్‌కు మార్చి రీలోడ్ చేస్తే చాలా ఇమేజ్‌లలో వస్తాయి.

వీటికి తోడుగా కావలసిన చిన్న సామానులో కన్సోల్ కేబుల్ మీద మాత్రం పిసినారితనం వద్దు. యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లలో ప్రోలిఫిక్ చిప్‌కు నకళ్లు ఎక్కువ, కొత్త విండోస్ డ్రైవర్లు వాటిని గుర్తించి పనిచేయకుండా ఆపేస్తాయి. అసలైన ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది తీసుకుంటే ఆ బాధ ఉండదు. కన్సోల్‌ను తెరిచే పుట్టీ ప్రోగ్రామ్‌లో వేగం 9600 అని పెట్టుకుంటే చాలు. క్రింపింగ్ టూల్, పది ఆర్‌జే45 కనెక్టర్లు, కొన్ని మీటర్ల క్యాట్-5ఈ తీగ, ఒక చౌక కేబుల్ టెస్టర్ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక్క తిరుగుడులో దొరుకుతాయి. కొన్న కేబుళ్లతో కాక సొంతంగా బిగించిన కేబుళ్లతోనే ల్యాబ్ కలిపితే, మొదటి అయిదింటిలో ఏదో ఒకటి తప్పక పాడై, లేయర్-1 నుంచి వెతకడం ఎందుకు అవసరమో అదే నేర్పుతుంది.

విద్యుత్తు, చప్పుడు గురించి అమ్మేవారు చెప్పరు. 24 పోర్టుల 2960 ఒకటి 30 వాట్ల వరకు తీసుకుంటుంది. రెండు స్విచ్‌లు, రెండు రౌటర్ల కిట్ మొత్తం 150 వాట్లు అనుకుంటే రోజుకు నాలుగు గంటల సాధనకు నెలకు 18 యూనిట్లు అవుతుంది. అంకె చిన్నదే గాని, తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడకంతో బిల్లు లేకుండా నెట్టుకొస్తున్న ఇంట్లో, ఇప్పటికే 190 దగ్గర ఉన్నవారికి, ఆ 18 యూనిట్లతో గీత దాటి మొత్తం బిల్లు మీద పడవచ్చు. ఇక 2911 వంటి రౌటర్ ఫ్యాన్ల చప్పుడుతో ఒకే గదిలో ఇతరులు నిద్రపోలేరు. హాస్టల్‌లోనో, రెండు గదుల అద్దె ఇంట్లోనో ఉండేవారు 8 పోర్టులతో, ఫ్యాన్ లేకుండా వచ్చే 2960-8టీసీ-ఎల్ లాంటి చిన్న స్విచ్ వెతుక్కోవడం ఇంటిల్లిపాదికీ క్షేమం. అమెరికాలో చౌక అని బంధువులతో తెప్పించుకునేవారు కూడా ఉన్నారు. ఈ పరికరాల పవర్ సప్లై మన వోల్టేజీకి సరిపోతుంది గాని, మూడు కిలోలకు పైగా బరువున్న స్విచ్‌ను పచ్చళ్ల సీసాలకు ప్రతిగా సూట్‌కేసులో మోయమనడం పెద్ద కోరికే.

ల్యాబ్ స్విచ్‌ను ఇంటి వైఫై రౌటర్‌కు కలపవద్దు. మా ఇంట్లో ఒక సాయంత్రం నేను సాధన కోసం ల్యాబ్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ నడుపుతూ, తీరిక లేక ఆ తీగను తీయకుండా వదిలేశాను. ఇంట్లోని టీవీకి, ఫోన్లకు నా ల్యాబ్ చిరునామాలు అంది ఇంటర్నెట్ ఆగిపోయింది, టీవీ సీరియల్ మధ్యలో ఆగినందుకు నాకు జరిగిన విచారణలో ఏ షో కమాండూ అక్కరకు రాలేదు. ఇలాంటి అనుమతి లేని సర్వర్లను స్విచ్‌లోనే అడ్డుకునే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఎందుకు పుట్టిందో మాత్రం ఆ రోజే బాగా అర్థమైంది.

ఎవరికి ఏది

డిగ్రీ లేదా ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండి, 8 జీబీ ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవారు ప్యాకెట్ ట్రేసర్‌తోనే పరీక్ష దాకా వెళ్లవచ్చు. ఖర్చు పెట్టగలిగితే ముందు ర్యామ్‌ను 16 జీబీకి పెంచి, చివరి నెలన్నర ప్రతి ల్యాబ్‌ను మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత ఎడిషన్‌లో మళ్లీ చేసి, రెండు చోట్లా వచ్చే షో కమాండ్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. పరీక్షలో కాన్ఫిగరేషన్ చేయించే ల్యాబ్ ప్రశ్నలు వస్తాయి, దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్లే వీలు లేదు, మొత్తం సమయం 120 నిమిషాలు. అసలు ఐఓఎస్ మాట తీరు చెవికి ముందే అలవాటై ఉంటే ఆ గదిలో తడుములాట తగ్గుతుంది.

అమీర్‌పేటలోనో మరోచోటో శిక్షణకు వెళ్తున్నవారు చేరేముందు అక్కడి ర్యాక్‌ను ఎన్ని గంటలు, ఎంతమందితో కలిసి వాడుకోవాలో అడిగి తెలుసుకోవాలి. వారానికి రెండు గంటలైనా స్విచ్ చేతికి దొరికితే ఇంట్లో స్విచ్ కొనడం అనవసరం. అద్దెకు దొరికే ఆన్‌లైన్ ర్యాక్‌లు నా దృష్టిలో సీసీఎన్ఏ స్థాయికి లాభదాయకం కావు, ఎందుకంటే దూరం నుంచి వాడే నిజమైన పరికరం కేబుల్ పట్టుకోనివ్వదు కాబట్టి తెర మీద అది వర్చువల్ పరికరంతో సమానమే. సిస్కో డెవ్‌నెట్ శాండ్‌బాక్స్‌లు మాత్రం ఉచితం. ఆటోమేషన్ భాగంలోని రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రామ్‌తో పరికరాన్ని అడిగే పద్ధతి), జేసన్ (ఆ డేటా రాసే రూపం)లను నిజమైన కంట్రోలర్ మీద ప్రయత్నించడానికి అవి చాలా మంచివి.

సీసీఎన్ఏ తరువాత పై మెట్టు సీసీఎన్‌పీలోని ఎన్‌కోర్ పరీక్ష దాకా వెళ్లే ఉద్దేశం గట్టిగా ఉన్నవారి లెక్క వేరు. వారికి 32 జీబీ లేదా 64 జీబీ మెమరీ వేయగల డెస్క్‌టాప్, అవసరమైనప్పుడు మోడలింగ్ ల్యాబ్స్ వ్యక్తిగత లైసెన్సు సరైన పెట్టుబడి. ఐఓఎస్-ఎక్స్ఈ రౌటర్లు నాలుగు లేపితేనే 16 జీబీ అయిపోతుంది, పాత 2960, 1841లు ఆ సిలబస్‌లోని చాలా అంశాలను ముట్టుకోలేవు. ఈ వర్గంవారు ఇనుప పెట్టెల మీద పెట్టే ప్రతి రూపాయినీ మెమరీ వైపు మళ్లించాలి.

ఫీల్డ్ ఇంజనీర్ ఉద్యోగం కోరుకునేవారు ల్యాన్ బేస్ 2960 ఒకటి, మంచి కన్సోల్ కేబుల్, క్రింపింగ్ సామాను కొనుక్కుని, మిగతాదంతా ప్యాకెట్ ట్రేసర్‌లో చేయాలి. పరీక్ష అయ్యాక ఆ స్విచ్‌ను తరువాతి బ్యాచ్ విద్యార్థికి అమ్మితే పెట్టిన డబ్బులో కొంత తిరిగి వస్తుంది. అమ్మేముందు స్టార్టప్ కాన్ఫిగరేషన్‌ను చెరిపితే సరిపోదు, వీల్యాన్‌లు ఫ్లాష్‌లో వేరే ఫైల్‌లో నిలిచి ఉంటాయి. vlan.dat అనే ఆ ఫైల్‌ను కూడా తొలగించి, రీలోడ్ చేసి, షో వీల్యాన్ బ్రీఫ్‌లో ఒకటో నంబరు, వెయ్యి పైన ఉండే నాలుగు పాత వీల్యాన్‌లు తప్ప మరేమీ లేవని చూసుకున్నాకే పెట్టెలో సర్దండి.